ప్రతి తీయుట నేరమా?

(హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ తెలుగువారి సమావేశమున జరిగిన ప్రసంగ పాఠము)



గ్రంథకర్త యనుమతి లేక ఆతని రచనకు ప్రతులు తీయుట నేరముగా నుండవలెనా యను ప్రశ్న మనకు దూరమైనది కాదు. మన కుటుంబములు తరతరములుగా ఈ సీమలో నున్నవి. పిల్లలు బడిలో కన్నడము, ఇంగ్లీషు చదువుచున్నారు. తెలుగు ఇంటికే పరిమితమైనది. తెలుగు పుస్తకము చేతికందుట కష్టము. కావున ఒకరు కొన్న నవలను ఫోనుతో ఫొటోలు తీసి, పీడీఎఫ్ చేసి, వాట్సాప్‌లో నూరుగురికి పంపుట మనలో వాడుకయైనది. పంపువారు దానిని భాషాసేవ యనియే తలచుచున్నారు.

"బియ్యపు బస్తా నెత్తుకొనిపోయిన అంగడిలో సరకు తరుగును, పుస్తకమునకు ప్రతి తీసిన అసలు పుస్తకము చెక్కుచెదరదు గదా, అది చౌర్యమెట్లగును?" అని కొందరందురు. వర్తకుడనుగాన బదులు చెప్పుచున్నాను. గ్రంథకర్త అమ్మునది కాగితము కాదు, తన శ్రమ. వేయి ప్రతులు చెల్లుటయే గగనమైన మన భాషలో నూరుగురు కొనువారు తగ్గిన, రెండవ పుస్తకము వెలువడదు. ఆ నష్టము చదువరులమైన మనదే.

1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము నేడు రచయిత జీవించినంతకాలము, తదనంతరము 60 సంవత్సరములు హక్కు నిలుచును. గురజాడవారు 1915లో, వీరేశలింగముగారు 1919లో గతించిరి. వారు ప్రకటించిన రచనలను ఎవరైనను అచ్చువేయవచ్చును. శ్రీశ్రీ 1983లో గతించిరి; వారి రచనలపై హక్కు 2043 చివర వరకు కలదు. తెలిసి ఉల్లంఘించినవారికి 6 నెలలు మొదలు 3 సంవత్సరముల వరకు జైలు, 50,000 మొదలు 2 లక్షల రూపాయల వరకు జరిమానా. వ్యాపారలాభము కొరకు కానిచో, తగిన కారణములు చూపి న్యాయస్థానము శిక్ష తగ్గింపవచ్చును. ఈ భేదము న్యాయమైనది. దొంగ అచ్చు వేసి అమ్ముకొనువాడును, అభిమానముతో పంచువాడును ఒకే తప్పు చేసినవారు కారు.

చట్టము తలుపులన్నియు మూయలేదు. బోధనావసరమునకు గ్రంథభాగములను జిరాక్సు తీయుట ఉల్లంఘన కాదని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పెను. దేశమున అమ్మకమునకు దొరకని పుస్తకమునకు లాభాపేక్షలేని ప్రజాగ్రంథాలయము తన యుపయోగమునకు 3 ప్రతుల వరకు తీసికొనవచ్చును. ఔత్సాహిక సంఘము రుసుము లేక నాటకమాడవచ్చును, పాట పాడవచ్చును. టిక్కెట్టు పెట్టిన కచేరీల సంగతి వేరు. 2017లో బాలసుబ్రహ్మణ్యంగారు అమెరికాలో కచేరీలు చేయుచుండగా, అనుమతి లేక తన పాటలు పాడరాదని ఇళయరాజాగారు నోటీసు పంపిరి. బాలుగారు ఆ పాటలు మాని కచేరీలు సాగించిరి.

కావున నా అభిప్రాయమిది. అమ్మకమునకై చేయు దొంగప్రతి నేరముగా నుండవలసినదే. చేతికి వచ్చినదానిని పంచిన సామాన్యునికి చెరసాల తగదు, నష్టపరిహారము చాలును. కాని శిక్ష తక్కువైనంత మాత్రమున పని మంచిదగునా?

సంఘమునకు నా విన్నపములు మూడు. అంగడిలో దొరకు పుస్తకమునకు పీడీఎఫ్ పంపవలదు. దొరకు చోటు తెలుపుడు. కోరినవారి పేర్లు నెలకొకమారు పోగుచేసి, పుస్తకములను ఒక్క కట్టగా తెప్పించిన రవాణా ఖర్చు పంచుకొనవచ్చును. అచ్చులో లేని పుస్తకమునకు రచయితకో, వారసులకో ఒక ఉత్తరము వ్రాసి అనుమతి కోరుదము. అడిగి తెచ్చుకొన్న పుస్తకము మన పిల్లలకు భాషతోపాటు మర్యాదను గూడ నేర్పును.