ఒకే ఫిర్యాదు చీటీ మీద రెండు చేతులు

(పలాస, టెక్కలి ప్రాంత పాల సంఘాల సభ్యులనుద్దేశించిన ప్రసంగ పాఠం)



ఫిర్యాదులను కంప్యూటరులో రాసుకునే చోట తప్పక చూసుకోవలసిన విషయమొకటి ఈ రోజు మీ ముందుంచుతున్నాము. ఇది ఆఫీసు వారి గొడవ, మనకెందుకు అనుకోవద్దు. మీరు పోసే పాలతో దీనికి నేరుగా సంబంధమున్నది.

వజ్రపుకొత్తూరు వైపు ఒక గేదెకు పొదుగువాపు వచ్చిందనుకుందాం. ఫోను రాగానే కంప్యూటరులో ఒక ఫిర్యాదు చీటీ తయారవుతుంది. ఉదయం 9 గంటలకు టెక్కలిలో గుమాస్తా దానిని తెరిచి, బీమా నిమిత్తం 12 అంకెల చెవి ట్యాగు నంబరు వెతుకుతూ ఉంటాడు. ఈలోగా గేదె దగ్గరున్న పశువైద్యుడు తన ఫోనులో అదే చీటీ తెరిచి, "యాంటీబయాటిక్ ఇచ్చాం, సీసా మీది గడువు తీరేదాకా ఈ పాలు కేంద్రానికి పోయవద్దు" అని రాసి భద్రపరుస్తాడు. గుమాస్తా ముందున్నది మాత్రం 9 గంటల నాటి నకలు. అతడు నంబరు చేర్చి భద్రపరచగానే ఆ పాత నకలు కొత్తదాని మీద కూర్చుంటుంది. డాక్టరు రాసిన మాట మాయం! ఎవరూ కావాలని చెరపలేదు, కంప్యూటరు హెచ్చరించనూ లేదు. మరునాడు ఆ ఇంటివారు ఫోను చేస్తే, చీటీ చూసినవారు "పోయవచ్చు" అనేస్తారు. ఆ పాలు ఊరి క్యానులో, అక్కడి నుంచి ట్యాంకరులో కలుస్తాయి. మందు కలిసిన పాలు సరిగా తోడుకోవు. తాగేవారికీ మంచిది కాదు.

పాత రిజిస్టరుకు ఈ జబ్బు లేదు. పుస్తకం ఒకరి చేతిలో ఉంటే రెండోవారు ఆగవలసిందే.

పలాస స్టేషనులో టికెట్టు తీసుకున్నవారికి దీని మర్మం తేలికగా తెలుస్తుంది. 1994లో సికింద్రాబాదులో మొదలైన కన్సర్ట్ ఏర్పాటుతో వేర్వేరు నగరాల రైల్వే రిజర్వేషన్ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి కలిసే దారి ఏర్పడింది. మిగిలిన ఒక్క బెర్తును ఇక్కడొకరు, విశాఖలో ఒకరు ఒకేసారి అడిగినా ఇద్దరికీ ఇవ్వకూడదు కదా. అందుకని ఒకరి పని తేలేదాకా కంప్యూటరు ఆ లెక్కకు తాళం వేసి, రెండోవారిని ఆపుతుంది. అది క్షణాల పని కనుక ఎవరికీ కష్టం తోచదు.

ఫిర్యాదు చీటీ అలా కాదు. తెరిచినవారు అరగంట దానితోనే ఉండవచ్చు, మధ్యలో భోజనానికి లేచిపోవచ్చు. పైగా మన ఉద్దానం సంగతి మీకు తెలియనిదా! 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటాక ఎన్ని ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి! తాళం వేసినవారి ఫోనుకు సిగ్నలు పోతే చీటీ లోపలే చిక్కుకుంటుంది. ఎంత ఆపదలో ఉన్నా గేదె అందాకా ఆగదు. కనుక తాళం పెట్టినా, కొన్ని నిమిషాలకు దానంతట అదే ఊడిపోయేటట్లు పెట్టాలి.

మాకు ఇంతకన్నా నచ్చిన పద్ధతి వేరొకటి ఉన్నది. చీటీ మారిన ప్రతిసారీ దానిపై ఒక సంఖ్య పెరుగుతుంది. మీరు తెరిచినప్పుడు 4 ఉండి, భద్రపరచబోయే వేళకు 5 అయితే, మధ్యలో మరొకరు రాశారన్నమాట. అప్పుడు కంప్యూటరు ఒప్పుకోకుండా, వారు రాసినది ముందు చూపిస్తుంది. సాఫ్ట్‌వేరు లోపాలను నమోదు చేసే బగ్జిల్లా అనే ప్రోగ్రాములో ఇటువంటి హెచ్చరిక ఉన్నది. దానికి వారు పెట్టుకున్న పేరు "మిడ్ ఎయిర్ కొలిజన్", అంటే ఆకాశంలో విమానాలు ఢీకొనడం. పేరు కాస్త పెద్దదే, పని మాత్రం మనకు సరిపోయేది.

దీనితోపాటు మందుల వివరం మిగతా రాతతో కలపకుండా, తేదీ, రాసినవారి పేరుతో విడి వరుసగా కిందకు చేరాలి. ఆ వరుసను దిద్దే వీలు ఎవరికీ ఉండరాదు. పొరపాటుంటే మరో వరుస రాయాలి. బియ్యం లెక్కలోనైనా కొట్టివేత కనబడేలా ఉంచుతాం కదా!

ప్రోగ్రాము అమ్మవచ్చిన వారిని సంఘాల వారు ఒక్క పరీక్ష అడగండి. రెండు ఫోన్లలో ఒకే చీటీ తెరిపించి, రెండింటిలో వేర్వేరు మాటలు రాయించి, ఒకదాని తరువాత ఒకటి భద్రపరచమనండి. రెండు మాటలూ మిగలాలి, లేదా రెండోదాన్ని కంప్యూటరు ఆపాలి. సభ్యులు తమ చీటీ నంబరు దగ్గర ఉంచుకుని, వైద్యం జరిగిన గేదె పాలు పోసే ముందు ఫోను చేసి, మందుల వరుసను తేదీతో సహా పైకి చదివించుకోండి.