పసిబిడ్డ ఎముక చెప్పే సాక్ష్యం

వైద్యం చదవాలనుకునే విద్యార్థులు, వారి తల్లిదండ్రులు ఇక్కడున్నారు గనుక ఈ విషయం ఎత్తుకున్నాను.

మన మంచేనహళ్ళి వైపు బిడ్డకు కాలు విరిగితే ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. నడక నేర్చే బిడ్డ కాలు మెలికపడి కింద పడితే ముంగాలి ఎముక చిట్లవచ్చు, అది సహజమే. ఇంకా బోర్లా కూడా పడని పసికందుకు తొడ ఎముక విరిగితే మాత్రం "మంచం మీదనుంచి పడింది" అంటే వైద్యుడు ఊరుకోకూడదు. వీపు వైపు పక్కటెముకలు విరగడం మరీ అనుమానించదగినది. ఛాతీని రెండు చేతులా గట్టిగా నొక్కితే అలా విరుగుతాయి. విరిగినచోట కొత్త ఎముక ఎక్స్‌రేలో కనబడడానికి సుమారు ఒకటి రెండు వారాలు పడుతుంది. నిన్ననే పడిందన్న మాట నిజమో కాదో అక్కడ తేలిపోతుంది. 1946లో అమెరికాలో జాన్ కాఫీ అనే ఎక్స్‌రే వైద్యుడు ఆరుగురు పసిపిల్లల్లో తలలో రక్తస్రావంతోపాటు ఇలా విరిగిన ఎముకలను గమనించి రాశాడు.

అయితే తల్లిని తొందరపడి దోషిని చేయరాదు. రికెట్స్ ఉన్నా, పుట్టుకతోనే ఎముకలు పెళుసైనా చిన్న దెబ్బకే విరుగుతాయి. ఆ పరీక్షలు చేయకుండా నింద వేస్తే ఒక సంసారం కూలిపోతుంది.

కట్టు కట్టించే ముందు ఎక్స్‌రే తీయించండి, దాన్ని దాచిపెట్టండి. పక్కింటి బిడ్డ విషయంలో అనుమానముంటే 1098కి ఫోను చేయండి.