సాక్షి పానుగంటివారు

(మన సంఘము నెలవారీ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



పత్రికలలో హాస్యము వ్రాసి పేరొందిన ఒక మహనీయుని గూర్చి ఈ సాయంకాలము మాటాడుమని కార్యవర్గమువారు మమ్ము కోరినారు. మేము పండితులము కాము. పదవ తరగతితో చదువు ముగించి, తండ్రిగారి త్రాసు ప్రక్కన కూర్చున్న వర్తకులము. అయినను ఈ పనిని సంతోషముతో ఒప్పుకొంటిమి. దానికొక కారణము కలదు. మన వారపత్రికలో ప్రతివారము ఒక హాస్యశీర్షిక నడుపవలెనని యువకులు కొందఱు కోరుచున్నారు. పెద్దలు కొందఱు వలదనుచున్నారు. మనము పరభాషల నడుమ కాపురమున్నవారము, మన లోపములను మనమే అచ్చొత్తించి ఇంటింటికి పంచుట ఏల యని వారి వాదము. వచ్చే కార్యవర్గ సమావేశమున ఈ విషయము తీర్మానమునకు రానున్నది. కావున పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి చరిత్రను మీ ముందుంచి, అందుండి ఈ ప్రశ్నకు ఏ సమాధానము లభించునో చూడదలచినాము.

పానుగంటివారు 1865లో రాజమహేంద్రవర ప్రాంతమునందలి సీతానగరమున జన్మించినారు. కందుకూరి వీరేశలింగముగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి, ఆ పిమ్మట హాస్యసంజీవనిని నడపి, ప్రహసనములు వ్రాసి, నవ్వును సంఘసంస్కారమునకు సాధనముగా చేసిన సీమ అది. ఆ గాలిలో పెరిగిన పానుగంటివారు ఆంగ్లవిద్య నభ్యసించి పట్టభద్రులైనారు. పెద్దాపురమున ఉపాధ్యాయత్వము చేసినారు. పిదప లక్ష్మీనరసాపురము, ఉర్లాము, ఆనెగొంది సంస్థానములలో దివానుగా పనిచేసి, తుదకు పిఠాపుర సంస్థానమున ఆస్థానకవులైనారు. 1940లో పరమపదించినారు.

ఆనెగొంది మనకు దూరపుటూరు కాదు. తుంగభద్ర కావలి యొడ్డున, హంపి కెదురుగా నున్న కన్నడ సీమలోని పాత రాజధాని. కొంతకాలము ఈ సీమ ఉప్పు తిన్నవారు గనుక పానుగంటివారితో మనము చుట్టరికము చెప్పుకొనవచ్చును.

వారు పెక్కు నాటకములు వ్రాసినారు. పాదుకాపట్టాభిషేకము, రాధాకృష్ణ, కంఠాభరణము అనునవి రంగస్థలముపై పేరుగాంచినవి. అందుచే వారిని ఆంధ్ర షేక్‌స్పియరనిరి. అయితే తెలుగువారి యింటింట వారి పేరు నిలిపినవి ఆ నాటకములు కావు, పత్రికలో వారము వారము వచ్చిన సాక్షి వ్యాసములు. ఇవి 1913లో సువర్ణలేఖ పత్రికలో మొదలై, 1920 నుండి ఆంధ్రపత్రికలో వెలువడినవి. పిమ్మట సంపుటములై నేటికిని చదువబడుచున్నవి.

ఆంధ్రపత్రిక సంగతి వర్తకులమైన మనము ప్రత్యేకముగా తెలిసికొనదగినది. దానిని స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనము అమ్మిన వ్యాపారులు. ఆ పత్రిక పుట్టినది ఆంధ్రదేశమున కాదు. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో చెన్నపట్టణమున దినపత్రిక అయినది. అనగా పరసీమలో బ్రతుకుచున్న ఒక తెలుగు వర్తకుడు తలనొప్పి మందు అమ్మిన ధనముతో పత్రిక నడపినాడు, ఆ పత్రికలో పానుగంటివారు తెలుగువారికి మఱియొక మందు ఇచ్చినారు. ఆ మందు కొంచెము మండును, కాని పనిచేయును.

సాక్షికి మూలమైన ఆలోచన ఇంగ్లాండునుండి వచ్చినది. 1711లో లండను నగరమున ఎడిసన్, స్టీల్ అను ఇరువురు మిత్రులు స్పెక్టేటర్ అను పత్రికను ప్రారంభించిరి. అందు ఒక కల్పిత సంఘము, దాని సభ్యుల సంభాషణలు, నగరవాసుల వేషభాషలపై పరిహాసము ఉండును. పానుగంటివారు ఆ అచ్చును తీసికొని తెలుగు మట్టితో బొమ్మలు చేసినారు. వారి సంఘమునకు సాక్షి సంఘమని పేరు. సాక్షి, జంఘాలశాస్త్రి, కాలాచార్యులు, వాణీదాసు, బొఱ్ఱయ్యసెట్టి అందలి సభ్యులు. ఉపన్యాసములలో పెద్దపాలు జంఘాలశాస్త్రిది. ఆయన నోరు విప్పెనా, ఇంద్రుడు చంద్రుడు అన్నవారును తల వంచుకొని వినవలసినదే. ఎడిసన్ సంఘమున సర్ ఆండ్రూ ఫ్రీపోర్టు అను లండను వర్తకుడొకడు ఉండగా, పానుగంటివారి సంఘమున బొఱ్ఱయ్యసెట్టి కలడు. పేరునుబట్టియే మన అంగడి మనిషియని తెలియుచున్నది. పండితుని ప్రక్కన, కవి ప్రక్కన సెట్టికి కూడ పీట వేయబడినదని మనము గమనింపవలెను.

సాక్షి అను పేరులోనే వారి పద్ధతి యంతయు కలదు. సాక్షి న్యాయాధిపతి కాడు, శిక్ష వేయడు. పోలీసువాడు కాడు, పట్టుకొనడు. తాను చూచినది చూచినట్లు చెప్పును. అయితే సాక్షికి ఒక అర్హత కావలెను. జరిగిన చోట తాను ఉండవలెను. ఊరిబయట నిలిచి రాయి విసరువాడు సాక్షి కాలేడు. పానుగంటివారు తెలుగువారి ఆంగ్లవ్యామోహమును, కవులమనుకొనువారి ఆడంబరమును, నాటకములవారి వికారములను, సభలలోని వట్టి మాటలను, సాంఘిక దురాచారములను పరిహసించినారు. పరిహసించినవారు ఎవరు? ఆంగ్లము చదివినవారే, కవులే, నాటకకర్తలే, ఉపన్యాసములు వ్రాసినవారే. తాను కూర్చున్న పంక్తిలోని విస్తళ్ళనే చూపినారు. కనుకనే జనులు కోపగింపక, వచ్చు వారము పత్రికకై ఎదురుచూచినారు.

సాక్షి వ్యాసములలో స్వభాష యనునది మిక్కిలి ప్రసిద్ధము. ఆంగ్లము నేర్చిన తెలుగువాడు సభలో తల్లిభాషను నాలుగు మాటలు పలుకలేకపోవుటను, అంతటితో ఆగక పలుకలేకపోవుటయే గొప్పతనమని తలచుటను జంఘాలశాస్త్రి అందు దులిపివేయును. ఇట్లనినంతమాత్రమున పానుగంటివారు ఆంగ్లద్వేషులని తలపరాదు. ఎడిసన్ వ్రాతను చదివి మెచ్చి, ఆ పద్ధతిని తెచ్చుకొన్నవారే గదా! ఇతర భాషనుండి మంచి సరుకు దిగుమతి చేసికొనుట వ్యాపారము. ఇంటి సరుకును వీధిలో పాఱబోసి దిగుమతి సరుకుతోనే కాలము గడుపుట దివాలా.

ఇపుడు మన సంగతికి వత్తము. మన కుటుంబములు ఈ బెంగళూరున తరతరములుగా నున్నవి. చిక్కపేటలో, బళేపేటలో, అవెన్యూ రోడ్డులో మన తాతలు అంగళ్ళు పెట్టినారు. మనము కన్నడము మాటాడుదుము, అది మన అన్నపు భాష, దానియెడ మనకు గౌరవము కలదు. ఇంట తెలుగు మాటాడుచున్నామని సంతోషపడుచున్నాము. అయితే ఒక్కసారి చిట్టా తెఱచి చూడుడు. పూజ తెలుగులో చేయుచున్నాము. లెక్క కన్నడములో వేయుచున్నాము. పిల్లలను చదువుమని ఇంగ్లీషులో గద్దించుచున్నాము. పిల్లలు తమలో తాము పరిహాసములాడుకొనునది ఇంగ్లీషులోనే. అవ్వ ఒక సామెత చెప్పి తాను నవ్వును, మనుమడు నవ్వడు. అవ్వ మాటలు వానికి తెలియును, అందలి నవ్వు తెలియదు. మా యెఱుకలో భాష ఒక యింటినుండి ఒక్క దినమున పోదు. మొదట చదువు పోవును, తరువాత సామెత పోవును, పిదప నవ్వు పోవును. చివరకు మిగులునది కాఫీ తెమ్ము, తలుపు వేయుము అను నాలుగు ముక్కలు మాత్రమే. మగ్గములపై నేసిన చీర చిరిగి, అంచు మాత్రము పెట్టెలో మిగిలినట్లు.

కావున హాస్యశీర్షిక అలంకారము కాదని మా మనవి. ఒక భాషలో నవ్వవలెనన్న, ఆ భాష కొన అంచుల వఱకు తెలియవలెను. పిల్లవాడు తెలుగు హాస్యము చదివి నవ్వెనా, వానికి తెలుగు వచ్చినదని వేఱుగ పరీక్ష పెట్టనక్కఱలేదు. పానుగంటివారి తరువాతను ఈ దారి మూసికొనిపోలేదు. ముళ్ళపూడి వెంకటరమణగారు రాజకీయ భేతాళ పంచవింశతిలో ప్రభుత్వములను, పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు ఇల్లాలి ముచ్చట్లలో సంసారములను నవ్వుల వెలుగులో చూపినారు.

ఇతరులు మనలను చూచి నవ్వుదురను భయమునకు ఈ నగరమే సమాధానము చెప్పుచున్నది. వైద్యులైన డాక్టరు ఎం. శివరాంగారు 'రాశి' అను పేరుతో వ్రాయుచు, 1942లో ఈ ఊరనే కొరవంజి అను కన్నడ హాస్యపత్రికను స్థాపించినారు. అది 1967 వఱకు నడచినది. కన్నడిగులు కన్నడిగులను చూచి నవ్విన ఆ పుటలలోనే, తరువాత దేశమంతట పేరు పొందిన ఆర్. కె. లక్ష్మణ్ గారు యౌవనమున బొమ్మలు గీచినారు. 1948లో డెక్కన్ హెరాల్డు వెలువడినపుడు దాని తొలి సంపాదకులు పోతన్ జోసెఫ్ గారు. ఓవర్ ఎ కప్ ఆఫ్ టీ అను వారి చమత్కారశీర్షిక వారు ఏ పత్రికకు పోయిన ఆ పత్రికకు వెంట పోయినది. వీరి వ్రాతలచే కన్నడిగుల గౌరవముగాని, నగర గౌరవముగాని తఱిగినదని ఎవరును అనలేదు. తన తూకమును తానే సరిచూచుకొను అంగడికి బేరము తగ్గదు.

అయినను పెద్దల భయము పూర్తిగా నిరాధారమని మేము చెప్పము. పెద్ద సమాజమున పరిహాసము సముద్రమున పడిన రాయి. మూడువందల యిండ్ల సమాజమున అదే రాయి బావిలో పడిన చప్పుడు చేయును. ఎవరి పెండ్లి గూర్చి, ఎవరి అప్పు గూర్చి వ్రాసినారో అందఱికిని తెలిసిపోవును. ఒక నవ్వు రెండు కుటుంబములను విడదీయవచ్చును. అందుచేత పానుగంటివారి మార్గమునే కట్టుబాటుగా పెట్టుకొనవలెను. వారు జంఘాలశాస్త్రిచేత గుణమును కొట్టించినారు, మనిషిని బజారున నిలుపలేదు. కల్పిత సంఘమును సృష్టించుటలోని నేర్పు ఇదియే. బొఱ్ఱయ్యసెట్టిని చూచి ప్రతి సెట్టియు నవ్వును, అది తన ప్రక్క అంగడివాడని తలచును. ఇంటికి పోయి, అద్దము చూచుకొన్నప్పుడు కొంచెము అనుమానము కలుగును. ఆ అనుమానమే హాస్యకారుని లాభము.

కాగా కార్యవర్గము ముందు మూడు సూచనలు ఉంచుచున్నాము. మొదటిది, వారపత్రికలో వారమునకు అర కాలము హాస్యమునకు విడువవలెను. రెండవది, అందు ఏ కుటుంబము పేరుగాని, ఊహించి గుర్తింపదగిన గుఱుతుగాని ఉండరాదు. వ్రాయువారు పాత్రలను కల్పించుకొనవలెను. స్త్రీల రూపము, బీదల బీదతనము, ఇతర భాషలవారి పలుకుబడి పరిహాసవస్తువులు కారాదు. మూడవది, నెలకొకసారి ఆదివారము సాయంకాలము పిల్లలను కూర్చుండబెట్టి సాక్షి వ్యాసమొకటి పెద్దగా చదివి వినిపింపవలెను. ఆ భాష గ్రాంథికమే. పిల్లలకు మొదట కొఱుకుడుపడకపోవచ్చును. కాని దాని విసురు మాటాడు మనిషి విసురు. చదువరి గొంతెత్తి చదివెనా, అర్థము సగము గొంతులోనే తెలియును. మొదటి పాఠము స్వభాష కావలెనని మా కోరిక.

పుటకు అగు కాగితపు వ్యయము, అచ్చు వ్యయము మొదటి సంవత్సరమునకు మా అంగడి పద్దులో వ్రాయించుకొనెదము. దానికి బదులుగా మేము కోరునది ఒక్కటే. ఇక్కడ ఏ గుఱుతును ఉండరాదను కట్టుబాటు మాకు వర్తింపదు. తొలి వారపు పరిహాసము పది నిమిషములని చెప్పి అర గంట ఉపన్యసించు వర్తకుల మీద ఉండవలెను. వ్రాయువారికి సామగ్రి ఈ సాయంకాలమే సమకూర్చితిమి.