చమురు తినే జీవి, చక్రవర్తి గారు



నేను ఇంటర్మీడియట్ చదివి సైన్యంలో చేరినవాణ్ణి. సైన్స్ గురించి మాట్లాడే అర్హత నాకేముందని మీరనుకోవచ్చు. ఆర్మీ సర్వీస్ కోర్‌లో పెట్రోలు, డీజిలు బ్యారెళ్ళతో చాలా ఏళ్ళు గడిపాను, అంతే. సిపాయిగా ఉన్నప్పుడు ఒకసారి మూత సరిగ్గా బిగించక ఒక బ్యారెల్ డీజిలు నేలపాలు చేశాను. ఉస్తాద్ నాలుగు తిట్టి ఇసుక పోయించాడు. తర్వాత రెండు వానాకాలాలు అక్కడ గడ్డి మొలవలేదు. అందుకే డాక్టర్ ఆనంద మోహన్ చక్రవర్తి గారి గురించి చదివినప్పుడు వదల్లేకపోయాను.

ఆయన 1938లో బెంగాల్‌లోని సైంథియాలో పుట్టారు. కలకత్తాలో డాక్టరేట్ చేసి అమెరికా వెళ్ళి, 1971లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధనశాలలో చేరారు. ఆయన పట్టుకున్నది సూడోమోనాస్ అనే బాక్టీరియా. అందులో ఒక రకం కర్పూరాన్ని తింటుంది, ఇంకో రకం మనం బట్టల్లో పెట్టే కలరా ఉండల్లోని నాఫ్తలీన్‌ని తింటుంది. ఆ శక్తినిచ్చే జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఏ. వలయంలో ఉంటాయి. అది ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి పోస్టింగ్ వెళ్తుంది, అయితే పాత యూనిట్లోనూ ఒక నకలు ఉండిపోతుంది! అలాంటి నాలుగింటిని ఆయన ఒకే జీవిలోకి చేర్చారు. వాటిలో రెండు ఒకచోట ఇమడకపోతే అతినీలలోహిత కిరణాలతో అతికించారు.

1972లో పేటెంటుకు దరఖాస్తు పెడితే, ప్రాణమున్నదానికి కుదరదన్నారు. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. 1980 జూన్ 16న 5-4 తేడాతో గెలిచారు. హక్కు మాత్రం కంపెనీదే.

ఇంత చేసినా ఆ జీవిని సముద్రంలో వదల్లేదు. మనిషి తయారుచేసింది బయటపడితే ఏమవుతుందోనన్న భయం. 1989లో అలాస్కా దగ్గర ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు ఒలికినప్పుడు కూడా ఒడ్డున ఎరువు చల్లి, అక్కడి బాక్టీరియానే పెంచారు. గెలిచిన ఆయుధం కోత్‌లోనే ఉండిపోయింది. నాకు బాధనిపించింది, కానీ ఆ జాగ్రత్త తప్పని అనలేను.

ఆయన మాత్రం ఆగలేదు. చికాగోలో ప్రొఫెసర్‌గా, అదే సూడోమోనాస్ జాతి తయారుచేసే అజురిన్ అనే ప్రోటీన్‌తో క్యాన్సర్ మీద పనిచేశారు. 2007లో పద్మశ్రీ వచ్చింది. 2020లో కన్నుమూశారు.

మూడో ఏడు నేను పోస్టింగ్ మీద ఆ యూనిట్ వదిలేముందు చూస్తే, డీజిలు ఒలికిన చోట అక్కడక్కడ గరిక కనిపించింది. ఉస్తాద్ తన ఇసుక మహిమే అన్నాడు. నేనూ అదే నమ్మాను.