గొర్రు కుదురుగ ఉంటేనే సాలు సక్కగ వస్తది

(వార్షిక సర్వసభ్య సమావేశంలో యంత్రాల కిరాయి ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలైనయి. జిల్లాలు వేరైనా మన ఎవుసం గోస ఒక్కటే. చల్క నేలైనా, గోదావరి దిక్కు రేగడైనా, పత్తి, మిర్చి, మక్క ఏది పెట్టినా మిరుగు రాకముందే దుక్కి తయారు కావాలె. పొదుపు, అప్పు, వసూళ్ల లెక్కలు ఇప్పటిదాక విన్నరు. మేము ఒక్క ముచ్చట చెప్తం. మన సమాఖ్య నుంచి కిరాయికి పోయే ట్రాక్టర్ గొర్రు పొలంలో అటూ ఇటూ ఊగకుండ, దాని పండ్లు సమాన దూరంలో ఉండేటట్టు చూసుకునుడు ఎట్ల?

"అది డ్రైవర్ పని, మనకెందుకు" అని కొందరు అంటున్నరు. గొర్రు తప్పిన కాడ గడ్డి మొలుస్తది. ఆ గడ్డి తీసేది డ్రైవర్ కాదు. నడుం వంచి కలుపు తీసేది మనమే, కూలి డబ్బులు కట్టేదీ మనమే. అందుకే ఇది మన పని.

ముందు లెక్క చూద్దాం. సాధారణంగా తొమ్మిది పండ్ల గొర్రుకు పండు పండుకు నడుమ 22, 23 సెంటీమీటర్లు ఉంటది. అంటే ఒక జాన. గొర్రు ఒక్కసారి పోతే తొమ్మిది జానల నేల కదులుతది. ట్రాక్టర్ మలుపుకొని వచ్చినప్పుడు పాత సాలుకు, కొత్త సాలుకు నడుమ కూడా ఒక్క జానే ఉండాలె. రెండు జానలు వదిలితే పదిట్ల ఒక వంతు నేల కదలకనే మిగులుతది. ఎకరానికి 40 గుంటలు గదా, 4 గుంటలు దున్నకనే కిరాయి కట్టినట్టు. దున్నిన సాలు మీదికే మళ్లీ ఎక్కిచ్చి తొక్కితే డీజిల్ దండుగ. నష్టం రెండు దిక్కులా ఉన్నది.

జాన అందరికీ ఒక్క తీరు ఉండదు. అందుకని ప్రతి గ్రామ సంఘం 22.5 సెంటీమీటర్ల కొలత కర్ర ఒకటి కోసి పెట్టుకోవాలె. కొలిచేటప్పుడు ఒక పండు నుంచి పక్క పండుకు కొలుసుకుంట పోవద్దు. అట్లయితే చిన్న తేడా చివరికి పెద్దదైతది. గొర్రు చట్రం నడుమ రంగుతోని గీత పెట్టండి. నడిమి పండు గీత మీద ఉండాలె. అక్కడి నుంచి టేపుతో కుడికి, ఎడమకు 22.5, 45, 67.5, 90 సెంటీమీటర్ల కాడ ఒక్కో పండు. పండ్లు ముందు, వెనక రెండు వరుసల్లో ఉంటయి కాబట్టి కొలత అడ్డంగా తీయాలె, ఏటవాలుగా కాదు. తర్వాత పట్టీల నట్లు గట్టిగ బిగించాలె. దున్నేటప్పుడు అదురుకు నట్టు వదులైతది, పండు పక్కకు జరుగుతది. అందుకే గంట పని తర్వాత మళ్లొకసారి పానా పట్టి చూడాలె.

ఇగ కుదురు సంగతి. గొర్రును ట్రాక్టర్ మూడు చోట్ల పట్టుకుంటది, కింద రెండు చేతులు, పైన ఒకటి. ఈ మూడు కొక్కేల పద్ధతిని ఐర్లాండుకు చెందిన హ్యారీ ఫెర్గూసన్ తెచ్చిండు, ఇయ్యాల ప్రపంచమంతా అదే నడుస్తున్నది. ఇంజన్ ఆపి, గొర్రును నేల మీదికి దించినంక చూడవలసినవి నాలుగు:

ఒకటి, రెండు పెద్ద టైర్లల్ల గాలి సమానంగ ఉండాలె. ఒకటి తగ్గితే గొర్రు ఆ పక్కకు ఒరుగుతది.

రెండు, పక్క గొలుసులు. ఇవి వదులైతే గొర్రు తోక ఊపినట్టు ఊగుతది, సాలు పాము నడక నడుస్తది. రెండు దిక్కులా సమానంగ బిగించాలె.

మూడు, కుడి చేతికున్న మర. కుడి పక్క, ఎడమ పక్క ఒకే ఎత్తుకు తెచ్చేది ఇదే.

నాలుగు, పై లింకు. దీన్ని పొట్టి చేస్తే ముందు పండ్లు లోతుకు దిగుతయి, వెనకవి తేలుతయి. పొడుగు చేస్తే వెనకవి దిగుతయి. చట్రం నేలకు సమంగ ఉండాలె.

అరిగిన కర్రు పక్కన కొత్త కర్రు పెట్టినా లోతు సమానంగ రాదు. చాలా గొర్లకు కర్రు రెండు మొనలది. ఒక మొన అరిగితే తిప్పి బిగించుకోవచ్చు, కానీ అన్నీ ఒకేసారి తిప్పాలె.

ఇదంతా సరిగ్గ ఉన్నదా లేదా ఎట్ల తెలుస్తది? ఇరవై అడుగులు దున్ని ఆపమనండి. సాలుకు అడ్డంగ పొడి మన్ను చేతితోని పక్కకు తీయండి. అడుగున తొమ్మిది గాడులు కనపడతయి. పుల్లతో లోతు, కర్రతో దూరం చూడండి. తేడా ఉంటే అప్పుడే సరిచేయించాలె. ఎకరమంతా అయినంక కొట్లాడితే లాభం లేదు.

పత్తిల గుంటుక తోలేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలె. సాలుకు సాలుకు 90 సెంటీమీటర్లు, అంటే నాలుగు జానలు పెట్టినోళ్లు రెండు జానల గుంటుక నడుమ నడిపితే చెట్టుకు రెండు దిక్కులా ఒక్కో జాన మిగులుతది. గుంటుక పక్కకు గుంజితే వేరు తెగుతది. అరక అయితే కాని పొడుగు సాళ్లకు సరిపోవాలె, లేకుంటే ఎద్దు చెట్టును తొక్కుతది. చిన్న ట్రాక్టరైతే టైర్ల నడిమి దూరం కూడా చూసుకోవాలె. వేగం మనిషి నడకను మించొద్దు. మించితే మన్ను ఎగిరి లేత మొక్కల మీద పడతది.

డ్రైవర్ల మాట కూడా వినాలె. అదను మీద పది మంది ఎదురుచూస్తరు, ప్రతి చెలక కాడ అరగంట ఆగితే ఎట్ల అని వాళ్లడుగుతున్నరు. న్యాయమే. అందుకే పెద్ద కొలత పొద్దుగాల సమాఖ్య ఆవరణలనే చేద్దాం. చెలక కాడ ఇరవై అడుగుల పరీక్ష ఒక్కటే.

మా ప్రతిపాదనలు మూడు. గొర్రు బయటికి పోయేటప్పుడు, తిరిగి వచ్చినప్పుడు పండ్లు, నట్లు, కర్రుల లెక్క రిజిస్టర్ల రాసి ఇద్దరు సభ్యులు సంతకం పెట్టాలె. ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరు ఈ పని నేర్చుకోవాలె. ఇరవై అడుగుల పరీక్ష అయినంకనే కిరాయి గంట మొదలు కావాలె.

చివరగా ఒక్క హెచ్చరిక. నడుస్తున్న యంత్రం దగ్గర కొలత పెట్టొద్దు. పైకి లేపి ఉన్న గొర్రు కిందికి చెయ్యి, తల పెట్టొద్దు. రోటవేటర్ దగ్గర ఇంజన్ ఆగేదాక పోవద్దు, కొంగు నడుముకు చెక్కుకోవాలె, జడ ముడి వేసుకోవాలె.

గొర్రు మనది, చెలక మనది. కొలత కర్ర కూడా మన చేతులనే ఉండాలె. ఈ మూడు ప్రతిపాదనలు తీర్మానంగ ఆమోదించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నం.