బండి ఎందుకు ఆగింది?



ఈ రోజు ఒక పాత మోటార్ సైకిల్ సంగతి వినండి. బండి సంగతి ఆడవాళ్లకెందుకు అంటారా? బండి ఆగితే పని ఆగుతుంది. పని ఆగితే డబ్బు ఆగుతుంది. అప్పుడు ఇల్లు గడిపే బాధ ఎవరిది? అందుకే వినాలి.

మెహదీపట్నంలో ఒక అక్క ఉందనుకోండి. ఆమె ఇంట్లో మిషను మీద జాకెట్లు, లంగాలు కుడుతుంది. వాటిని ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణానికి ఇస్తుంది. పొద్దున 11 గంటల లోపల మూట చేరాలి. ఆలస్యమైతే సేటు డబ్బు కోస్తాడు. భర్త తన పాత బండి మీద ఆమెను, మూటను తీసుకెళ్తాడు. నాంపల్లి స్టేషను దాటి, మోజంజాహీ మార్కెట్ మీదుగా ఆబిడ్స్ వెళ్తారు.

వానాకాలం వచ్చింది. బండి మిస్సింగ్ కొట్టసాగింది. దారిలో డగ్ డగ్ మని తడబడుతుంది. తర్వాత ఆగిపోతుంది. కిక్కు కొట్టినా లేవదు. కాసేపు వదిలేస్తే మళ్లీ నడుస్తుంది.

మెకానిక్‌కు చూపించారు. "ఇంజను ఇప్పాలె అన్నా. మూడు వేలైతది" అన్నాడు. మూడు వేలంటే ఎన్ని జాకెట్లు కుట్టాలి? అక్క గుండె గుభేల్మంది.

"నాలుగు రోజులు ఆగుదామయ్యా. ఏమైతుందో రాసి చూద్దాం" అంది.

"రాస్తే బండి నడుస్తదా?" అని భర్త నవ్వాడు.

అక్క నవ్వలేదు. రాత్రి బడిలో ఇచ్చిన నోటుబుక్కు తీసింది. గీతలు గీసింది. వాన, పెట్రోలు, ఆగిన చోటు అని పైన రాసింది.

అసలు మిస్సింగ్ అంటే ఏమిటి? పొయ్యిని తలచుకోండి. పొయ్యి మండాలంటే కట్టె కావాలి, గాలి కావాలి, అగ్గి కావాలి. ఒకటి తగ్గినా పొగే మిగులుతుంది. ఇంజనుకూ అంతే. పెట్రోలు, గాలి, నిప్పురవ్వ కావాలి. పెట్రోలు, గాలి కార్బురేటర్‌లో కలుస్తాయి. ఇంజనులోకి వెళ్తాయి. అక్కడ ప్లగ్గు నిప్పురవ్వ పుట్టిస్తుంది. నిమిషంలో వందల సార్లు, వేల సార్లు ఇలా మండుతుంది. మధ్యలో మండడం తప్పితే బండి తడబడుతుంది. అదే మిస్సింగ్.

కాబట్టి మూడింటినీ ఒక్కొక్కటే చూడాలి. ఖర్చు లేనిది ముందు చూడాలి.

మొదట నిప్పురవ్వ. ఇంజను చల్లారాక ప్లగ్గు పానాతో ప్లగ్గు విప్పారు. ప్లగ్గు కొన టీ రంగులో ఉంటే మంచిది. నల్లటి పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువ అవుతోంది, లేదా గాలి తక్కువ అవుతోంది. పెట్రోలుతో తడిసి ఉంటే రవ్వ సరిగా పుట్టడం లేదేమో చూడాలి. తెల్లగా ఉంటే వేడి ఎక్కువవుతోంది. అక్కకు టీ రంగే కనిపించింది. ప్లగ్గు మీది టోపీని పొడి గుడ్డతో తుడిచింది. వానకు ఆ టోపీ తడిసినా మిస్సింగ్ వస్తుంది.

రెండోది గాలి. గాలిని వడకట్టే ఫిల్టర్ తీసి చూశారు. దుమ్ము లేదు.

మూడోది పెట్రోలు. ఇక్కడ నోటుబుక్కు పనికి వచ్చింది. అందులో ఇలా ఉంది:

సోమవారం. వాన. ట్యాంకు సగం. ఆబిడ్స్‌లో ఆగింది.
మంగళవారం. వాన లేదు. ట్యాంకు నిండా. నాంపల్లి స్టేషను దగ్గర ఆగింది.
బుధవారం. వాన లేదు. ట్యాంకు సగం. ఆబిడ్స్ దాటాక ఆగింది.
గురువారం. వాన. ట్యాంకు నిండా. నాంపల్లి రాకముందే ఆగింది.

అక్క రెండు సార్లు చదివింది. వాన లేని రోజు కూడా బండి ఆగింది. అంటే తప్పు వానది కాదు. ట్యాంకు నిండా ఉన్న రోజు తొందరగా ఆగుతోంది! ఇదేమి వింత?

అప్పుడు ఆమెకు నూనె డబ్బా గుర్తుకొచ్చింది. డబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె సరిగా రాదు. రెండో చిల్లు పెడితే ధారగా వస్తుంది. ఆ చిల్లులోంచి గాలి లోపలికి పోతుంది కనుక.

బండి ట్యాంకు మూతకు కూడా సన్నటి దారి ఉంటుంది. పెట్రోలు కిందికి దిగిన కొద్దీ అందులోంచి గాలి లోపలికి రావాలి. దుమ్ముతో ఆ దారి మూసుకుపోతే పెట్రోలు దిగదు. ట్యాంకు నిండా ఉంటే లోపల గాలి కొంచెమే ఉంటుంది. అది తొందరగా పలచబడి పెట్రోలును పట్టి ఉంచుతుంది. అందుకే బండి ముందుగా ఆగింది.

శుక్రవారం బండి నాంపల్లిలో ఆగింది. రోడ్డు పక్కకు నెట్టారు. అక్క ట్యాంకు మూత తెరిచింది. "ఉస్" మని గాలి లోపలికి పోయింది. భర్త కిక్కు కొట్టాడు. బండి లేచింది!

ఇంటికి వచ్చాక మూతను బాగా కడిగి, ఆ దారిలోని మురికి తీశారు. పైసా ఖర్చు కాలేదు.

మూత తెరిచినా బండి లేవకపోతే? అప్పుడు వేడెక్కాక పాడయ్యే కాయిల్ వంటిది కావచ్చు. అది మెకానిక్ పని. ఆయన దగ్గరికి నోటుబుక్కు పట్టుకునే వెళ్లాలి. ఈ అక్క కూడా తన కాగితం చూపించింది. మెకానిక్ చదివి, "ఇది ముందే తెస్తే ఇంజను మాటే అనకపోదునక్కా" అన్నాడు. ఆయన మోసగాడు కాదు. ఏమి జరిగిందో సరిగ్గా చెప్పేవాళ్లు లేక ఊహించి చెప్పాడు.

జాగ్రత్తలు మరవకండి. పెట్రోలు దగ్గర బీడీ, అగ్గిపెట్టె, దీపం ఉండకూడదు. వేడి ఇంజనును ముట్టుకోకూడదు. ఒకేసారి రెండు మార్పులు చేయకూడదు. చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

మద్రాసులో తయారైన బుల్లెట్టు అయినా, 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 అయినా, పాత బండికి ఈ మూడు ప్రశ్నలే. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన చాలా బళ్లలో కార్బురేటర్ లేదు. వాటిని తెలిసినవాళ్లకే చూపించాలి.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఆ ఆదివారం అక్క అక్కడికి వెళ్లింది. బండి రిపేరు పుస్తకం వెతికింది. వెనక సీటు మీద కూర్చుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఇంటికి వచ్చింది. బండి ఎక్కడా ఆగలేదు.

మీ ఇంట్లో తరచుగా పాడయ్యేది ఏది? మిషనా, మోటారా, పంపా? ఎప్పుడు పాడవుతోందో నాలుగు రోజులు రాయండి. తర్వాత చదవండి.