గాజుపాత్రలో బావి

“జల పడినది” అను మాట ఎంతటి ఆనందమును కలిగించునో బావి త్రవ్వించిన ప్రతి కుటుంబమునకును తెలియును. కాని ఆ జల భూమిలో ఏ రూపమున నున్నదని బడిపిల్లవాని నడిగినచో, అడుగున నది వలె పారుచున్నదని చెప్పును. పెద్దలలోను పలువురి ఊహ యిదియే. నదియే అయినచో ఎంత తోడినను తరుగదు. ఒకచోట బోరు ఎండినను మరియొకచోట ఆ నది తప్పక దొరకును. ఈ నమ్మకముతో అప్పు చేసి, మూడవ బోరు, నాలుగవ బోరు వేయించి చితికిపోయిన సంసారములు మనకు క్రొత్త కావు. కావున భూగర్భజలమును గూర్చిన పాఠము పరీక్షకై వల్లించి మరచునది కాదు. పిల్లలు తమ చేతులతో చేసి తెలిసికొనవలసినది. ఇందులకు ప్రయోగశాల అక్కరలేదు. ఇసుక, బంకమట్టి, రాళ్ళు, గాజుపాత్రలు చాలును.

మొదట ఒక గాజుగ్లాసును పొడి ఇసుకతో అంచువరకు నింపవలెను. అంతే పరిమాణము గల మరియొక గ్లాసు నిండ నీరు పోయవలెను. “ఇసుకతో నిండిన గ్లాసులో ఇంకను నీరు పట్టునా? పట్టినచో ఎంత?” అని ఉపాధ్యాయుడు ప్రశ్నించి, పిల్లలు చెప్పిన సమాధానములన్నింటిని నల్లబల్లపై వ్రాయవలెను. తప్పని దేనిని త్రోసివేయరాదు. పిమ్మట ఒక విద్యార్థిచేత నీటిని మెల్లమెల్లగా పోయించినచో, గ్లాసెడు నీటిలో ఇంచుమించు మూడవ వంతు ఇసుకలో ఇమిడిపోవును. నిండినదనుకొన్న పాత్రలో ఇంత చోటెక్కడిది? రేణువుల నడుమ సందులలోనిది. భూగర్భజలమునకు నివాసము నదులు కావు, ఆ సందులే యని పిల్లలు తామే గ్రహింతురు.

రెండవ ప్రయోగమునకు వెడల్పైన గాజుపాత్ర కావలెను. రెండు సన్నని గొట్టముల అడుగు మూతులకు పలుచని గుడ్డ కట్టి, ఒకదానిని పాత్ర సగము లోతువరకు, రెండవదానిని అడుగు దాకను నిలిపి, చుట్టును ఇసుక నింపవలెను. పైనుండి వానవలె నీరు చల్లగా, అది క్రిందికి దిగి, అడుగునుండి పైకి నిండుచు వచ్చును. తడి ఇసుకలో నీరు నిండిన భాగపు పైహద్దు గాజుగుండ కనబడును. అదియే భూగర్భ జలమట్టము. గొట్టములలోను నీరు అంతే ఎత్తున నిలుచును. ఇప్పుడు సూదిలేని సిరంజికి సన్నని రబ్బరు గొట్టము తొడిగి, లోతైన బావిలోని నీటిని తోడవలెను. మట్టము దిగును, లోతు తక్కువ గల బావి ముందుగా ఎండును. దానిలో ఎవ్వరును చుక్క తోడలేదు గదా, అది యేల ఎండినదని తరగతి యంతయు అడుగును. ఆ ప్రశ్నయే ఈ పాఠమునకు ప్రాణము. ప్రజల త్రాగునీటి వనరునకు 250 మీటర్ల లోపల క్రొత్త బావులు త్రవ్వుటను ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2002లో వచ్చిన ‘వాల్టా’ చట్టము ఏల కట్టడి చేసినదో ఈ పాత్ర చూచిన పిల్లవానికి వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే తెలంగాణమునను, రాయలసీమలో పెక్కుచోట్లను నేల అడుగున నున్నది ఇసుక కాదు, గట్టి నల్లరాయి. అక్కడ నీరు పైనున్న శిథిలశిలలోను, రాతి పగుళ్ళలోను మాత్రమే యుండును. దీనిని చూపుటకు పాత్రలో పెద్ద రాళ్ళను దగ్గరగా పేర్చి, కొన్ని సందులను బంకమట్టితో మూసి, కొన్నింటిని ఇసుకతో నింపి, నీరు పోయవలెను. గొట్టము ఇసుక సందులో దిగినచో నీరు వచ్చును. జానెడు ప్రక్కన రాతిపై నిలిచినచో రాదు. పొరుగువాని బోరులో నీరు పడి, మన బోరులో దుమ్ము లేచుటకు కారణము అదృష్టము కాదని, కొబ్బరికాయ చేతబట్టి చెప్పు జోస్యము దానిని మార్చజాలదని ఇది తెలుపును.

ఉపాధ్యాయులకు మేము ఒక మనవి చేయుచున్నాము. పాత్ర పాత్రయే, భూమి భూమియే. పాత్రలో క్షణములలో నిండినది నేలలో నిండుటకు ఏండ్లు పట్టవచ్చును. ఈ భేదమును దాచక చెప్పవలెను. అటుపిమ్మట పిల్లలను ఊరిబావి కడకు పెద్దల తోడుతో గొనిపోయి, బరువు కట్టిన త్రాటితో నీటిమట్టమును కొలిపించి, నెలనెలకు ఆ కొలతను, కురిసిన వానను బడిగోడపై వ్రాయింపవలెను. ఇది పిల్లల ఆట మాత్రమే కాదు. గడచిన దశాబ్దములలో అనంతపురము, మహబూబ్‌నగరము, నల్లగొండ మొదలగు ఏడు కరవు జిల్లాల రైతులు తమ బావుల మట్టములను, వానలను తామే కొలిచి, ఉన్న నీటినిబట్టి ఏ పైరు వేయవలెనో ఆలోచించుకొన్నారు.

బ్యాంకులో నిలువ ఎంతయో తెలియక ఎవ్వరును చెక్కు వ్రాయరు. నేలలోని నిలువను మాత్రము చూడకయే తోడుచున్నాము. ఆ నిలువను కొలుచుట నేర్చిన పిల్లవాడు రేపు ఇంటివద్ద బోరు మాట వచ్చినపుడు, “ముందు మట్టము చూతము నాన్నా” అనగలిగినచో, ఆ గాజుపాత్ర తన పని చేసినట్లే.